నాడీ ప్రచోదన వేగము

నాడులయందు ప్రసరించు ప్రచోదనమునకు గణనీయమైన వేగమొకటి కలదనియు, దానిని కొలువవచ్చుననియు పందొమ్మిదవ శతాబ్ది నడిమివరకు పండితులు నమ్మజాలకపోయిరి. శరీరధర్మశాస్త్రమున అగ్రగణ్యుడైన యోహానెస్ మ్యూలరంతటివాడే ఆ పని మానవునకు అసాధ్యమని వ్రాసియుండెను. ఆ మాటను తలక్రిందు చేసినవాడు ఆయన శిష్యుడే యగుట గమనింపదగినది.

1849-50 సంవత్సరములలో కోనిగ్స్‌బర్గ్ నగరమున ఆ శిష్యుడైన హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్, కప్ప తొడనాడిని పిక్కకండరముతోగూడ వేరుచేసి, ఆ నాడిని తొలుత కండరమునకు చేరువనున్న చోటను, పిదప దూరముగనున్న చోటను విద్యుత్తుచే ఉత్తేజపరచి, కండరము ముడుచుకొనుటకు పట్టిన రెండు కాలముల భేదమును గ్రహించెను. కండరము తనకై పుచ్చుకొను జాప్యము రెండింటను సమానమగుటచే తీసివేతలో తొలగిపోగా, మిగిలినది నాడిలోని ప్రయాణకాలమే. ఉపకరణముల సూక్ష్మతకంటె ఈ యుక్తియే ఘనమైనదని చెప్పవలెను. ఫలితము సెకనుకు సుమారు 27 మీటర్లు. మెరుపువంటిదని తలచిన వేగము ధ్వనివేగమున పదవవంతైనను కాదయ్యెను! నాడిని చల్లార్చినచో అది యింకను తగ్గుననియు ఆయన కనుగొనెను.

నాడిలోని అన్ని తంతువులకును వేగమొక్కటి కాదని స్పష్టపడుటకు 1920 దశకము రావలసివచ్చెను. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎర్లాంగర్, గాసర్ అనువారు కాథోడ్ కిరణ దోలనలేఖినితో పరిశీలించి, ఒకే నాడిలోని తంతువులలో లావైనవి వడిగను, సన్ననివి మెల్లగను వార్తను మోయునని నిరూపించి, 1944లో నోబెల్ బహుమానము నందిరి. మనుష్యులలో లావుపాటి తంతువులు సెకనుకు 70 మొదలు 120 మీటర్లవరకు పోవుచుండగా, మంటనొప్పిని దెలుపు సన్నని తంతువులు 2 మీటర్లకు మించవు. కాలివ్రేలికి రాయి తగిలినపుడు తాకిడి ముందును, మంట వెనుకను తెలియుటకు కారణమిదియే.

లావునకును వేగమునకును గల సంబంధము విద్యుద్ధర్మము. తంతువు లోపలి ద్రవమున పారు విద్యుత్తు ముందున్న పొరను ఉత్తేజపరచినగాని ప్రచోదనము సాగదు. మార్గము విశాలమైనకొలది నిరోధము తగ్గును. అయినను మయెలిన్ అను కొవ్వుపదార్థపు తొడుగు లేని తంతువులయందు వేగము వ్యాసముయొక్క వర్గమూలమును మాత్రమే అనుసరించును. వేగము రెండింతలు కావలెనన్న వ్యాసము నాలుగింతలు కావలెను. స్క్విడ్ అను సముద్రజీవి ఈ మూల్యమును చెల్లించి, అరమిల్లీమీటరు లావుగల తంతువులను పెంచుకొన్నది. వెన్నెముకగల ప్రాణులు తొడుగు నాశ్రయించినవి. అది విద్యుత్తు ప్రక్కలకు కారిపోకుండ ఆపుటచే ప్రచోదనము, తొడుగు నడుమ నడుమ తెగియుండు రాన్వియే కణుపులలో, ఒక కణుపునుండి మరియొక కణుపునకు దూకునని జపానులో తసాకి 1939లోను, పిదప హక్స్‌లీ, స్టాంఫ్లీలు 1949లోను చూపిరి. ఇట్టి తంతువులలో వేగము ఇంచుమించు వ్యాసముతోపాటే పెరుగునని 1951లో రష్టన్ విశదీకరించెను.

1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ తంతువుపొరలో సోడియము, పొటాషియము అయానుల రాకపోకలకు సమీకరణములు కూర్చి, 18.5 డిగ్రీల ఉష్ణోగ్రతలో వేగము సెకనుకు 18.8 మీటర్లు ఉండవలెనని గణించిరి. ప్రయోగమున కనబడినది 21.2 మీటర్లు.