రోబో ఆపరేషన్ అంటే రోబోయే చేసేస్తుందా? ప్రోస్టేట్ సర్జరీ కథ

ఈ ఎపిసోడ్ నక్కపల్లిలో మా ఇంటి అరుగు మీద నుంచే. మొన్న మా పెదనాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. కోసి చేస్తే ఒక రేటు, రోబోతో అయితే చాలా ఎక్కువ. "అరెకరం అమ్మేస్తే సరిపోద్ది. మిషనే కోసేస్తాదేటిరా?" అని నన్నడిగాడు. బీటెక్ చదివాను కదా మరి! అందుకే మొదట్నుంచీ చదివాను.

ప్రోస్టేట్ అంటే మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. అంగస్తంభనకి కావాల్సిన నరాలు దాన్ని ఆనుకునే వెళ్తాయి. ఒకప్పుడు గ్రంథి తీస్తే ఆ నరాలూ దెబ్బతినేవి. 1982లో అమెరికాలో డాక్టర్ ప్యాట్రిక్ వాల్ష్ వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసి దారి చూపించారు. 2000లో డా విన్సీ రోబోకి అక్కడ అనుమతి వచ్చింది.

ఇక్కడే మన తెలుగువాళ్లు ఎంటరవుతారు. రాజ్ వట్టికూటి మిషిగన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి ఎదిగిన ఇంజినీరు. 2001లో ఆయన ఫౌండేషన్ డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి 2 కోట్ల డాలర్లు ఇచ్చింది. అలా వచ్చిందే వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్. అక్కడ డాక్టర్ మణి మీనన్ టీమ్ రోబో ప్రోస్టేట్ సర్జరీకి ఒక పద్ధతి ఏర్పరచింది.

మరి ఫలితాలు? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని లాటరీలా రెండు గుంపులు చేసి పోల్చారు. 2016లో మొదటి ఫలితాలు, 2018లో రెండేళ్ల ఫలితాలు వచ్చాయి. రోబోతో రక్తం తక్కువ పోయింది, ఇంటికి త్వరగా వెళ్లారు. కానీ మూత్రం ఆపుకోవడం, దాంపత్య జీవితం విషయంలో ఇద్దరూ దాదాపు సమానమే! ఇంకో విషయం: కోసి చేసిన డాక్టర్ అనుభవం 1500 ఆపరేషన్లు, రోబోతో చేసినాయనది 200.

అంటే రోబో దానంతట అది ఏమీ కొయ్యదు. కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జన్ చేతులు కదిపితేనే అది కదుల్తుంది.

అందుకే పెదనాన్నకి ఇలా చెప్పాను: "ముందు పొలం సంగతి వదిలెయ్. డాక్టర్‌గారిని మూడు అడుగు. నాకు ఇప్పుడే ఆపరేషన్ అవసరమా? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? మీ పేషెంట్లలో ఏడాది తర్వాత ఎంతమందికి మూత్రం కంట్రోల్‌లో ఉంది?"

అరెకరం ఇంకా అమ్మలేదు. ప్రశ్నలు మాత్రం కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. మీ ఇంట్లోనూ యాభై దాటిన నాన్న ఉంటే, ఈ వీడియో ఆయనకి పంపండి. ఉంటాను మరి!