బొగ్గు మీద బతికిన తోట

ఆకుల అందం కోసం మనం పెంచుకునే మనీప్లాంట్లు, క్రోటన్లు వేడి దేశాల మొక్కలు. మంచు కురిసే ఇంగ్లండులో ఇలాంటివాటిని పెంచాలంటే ఇల్లే కట్టాలి. ఛాట్స్‌వర్త్ ఎస్టేటులో తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ 1836లో మొదలుపెట్టి 1840కి అలాంటి పెద్ద గాజు ఇల్లు కట్టించాడు. నేల కింద ఎనిమిది బాయిలర్లు, సుమారు 7 మైళ్ల పైపుల్లో వేణ్ణీళ్లు. పొగ, మసి దొరల కంటపడకుండా బొగ్గు సొరంగంలోంచి వచ్చేదట! ఎత్తిపోసినవాళ్ల చేతులు మాత్రం నల్లబడకుండా ఉంటాయా?

అన్నట్టు, ఇప్పుడు మనం కొనే గ్రాండ్ నైన్ అరటి కావెండిష్ రకం. ఆ పేరు ఆ ఎస్టేటు యజమాని విలియం కావెండిష్‌ది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు కరువైంది. వెచ్చదనం లేక మొక్కలు చచ్చిపోయాయి. ఎనభై ఏళ్ల ముచ్చట, పొయ్యి ఆరగానే ముగిసింది. 1920లో గాజు ఇంటినే కూల్చేశారు.

మా బీరంగూడ దగ్గర్లోని ఇక్రిశాట్‌లోనూ గాజు ఇళ్లున్నాయి. మన మే నెల ఎండకి అక్కడ చల్లార్చుకోవడమే పెద్ద పని. చలంటారా, మనకి డిసెంబరు, జనవరి రాత్రులే. అప్పుడు కుండీల్ని పడమటి గోడవారకి జరుపుతాను. సాయంత్రం ఎండ తాగిన గోడ చీకటిపడ్డాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది.