సామాజిక పింఛన్లు - అర్హత పరీక్ష, ద్రవ్యోల్బణము

సామాజిక పింఛన్లు అనగా వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులు మొదలగు వారికి ప్రభుత్వము పన్నుల ఆదాయము నుండి నెలనెలా చెల్లించే నగదు సహాయము. ఉద్యోగ విరమణ పింఛను ఉద్యోగి సర్వీసుపైన, జీతముపైన లేదా అతడు జమచేసిన చందాపైన ఆధారపడి ఉంటుంది. సామాజిక పింఛనుకు చందా లేదు. వృద్ధాప్య పింఛనుకు వయస్సు, పేదరికము ఈ రెండే ప్రాతిపదిక. దరఖాస్తుదారు పేదవాడా కాదా అని నిర్ధారించే విధానమును అర్హత పరీక్ష లేదా మీన్స్ టెస్ట్ అంటారు.

ధరలు పెరిగినపుడు ఇటువంటి పథకము రెండు వైపుల నుండి దెబ్బ తింటుంది. ఒకటి, చేతికి వచ్చే రూపాయల కొనుగోలు శక్తి తగ్గుతుంది. రెండు, అర్హతకు పెట్టిన ఆదాయ పరిమితి కూడా రూపాయలలోనే ఉన్నందున అది ఏటేటా బిగుసుకుపోతుంది. మొదటిది అందరికీ తెలిసినదే. రెండవది అంతగా గమనించబడదు.

చరిత్ర

1908లో బ్రిటన్ చేసిన వృద్ధాప్య పింఛన్ల చట్టము అర్హత పరీక్షతో కూడిన తొలి పథకములలో ఒకటి. దాని ప్రకారము 1909 జనవరి 1 నుండి 70 ఏళ్ళు నిండిన పేదలకు వారమునకు 5 షిల్లింగులు చెల్లించారు. సంవత్సరాదాయము 21 పౌనులకు మించనివారికి పూర్తి పింఛను, ఆపైన ఆదాయమును బట్టి తగ్గించిన పింఛను లభించేది.

భారత దేశములో కేంద్ర ప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమమును ప్రారంభించినది. 65 ఏళ్ళు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు కేంద్ర వాటాగా నిర్ణయించారు. 2006లో ఈ వాటా 200 రూపాయలైనది. 2007 నవంబరులో పథకమునకు ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకమని పేరు మార్చి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబములకు వర్తింపజేశారు. 2011లో వయస్సును 60కి తగ్గించి, 80 ఏళ్ళు దాటినవారికి 500 రూపాయలు చేశారు. 80 ఏళ్ళ లోపు వారి కేంద్ర వాటా మాత్రము 200 రూపాయల వద్దనే నిలిచిపోయినది. మిగిలిన మొత్తమును రాష్ట్రములు తమ బడ్జెటు నుండి కలుపుతాయి.

ఆంధ్ర ప్రదేశ్ లో వృద్ధాప్య పింఛను

రాష్ట్రములో వృద్ధాప్య పింఛను మొత్తము పెరిగిన క్రమము ఇది:

* 2014కు ముందు: 200 రూపాయలు
* 2014 అక్టోబరు (ఎన్టీఆర్ భరోసా): 1,000 రూపాయలు
* 2019 ప్రారంభము: 2,000 రూపాయలు
* 2019 జూలై (వైఎస్సార్ పింఛను కానుక): 2,250 రూపాయలు, అర్హత వయస్సు 65 నుండి 60కి తగ్గింపు
* 2022 జనవరి: 2,500 రూపాయలు
* 2023 జనవరి: 2,750 రూపాయలు
* 2024 జనవరి: 3,000 రూపాయలు
* 2024 జూలై (తిరిగి ఎన్టీఆర్ భరోసా): 4,000 రూపాయలు

చివరి పెంపు 2024 ఏప్రిల్ నుండి వర్తించినందున, జూలై 1న మూడు నెలల బకాయి 3,000తో కలిపి 7,000 రూపాయలు చెల్లించారు. అదే సమయములో దివ్యాంగుల పింఛను 3,000 నుండి 6,000 రూపాయలైనది. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పథకము 1,000 రూపాయలతో మొదలై, 2019లో 2,016 రూపాయలకు చేరినది.

అర్హత పరీక్ష

2019 డిసెంబరులో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము జారీచేసిన నియమముల ప్రకారము పింఛను పొందగోరు కుటుంబము ఈ క్రింది షరతులకు లోబడి ఉండవలెను:

* నెలసరి ఆదాయము గ్రామములలో 10,000 రూపాయలు, పట్టణములలో 12,000 రూపాయల లోపు
* భూమి మాగాణి 3 ఎకరాల లోపు, లేదా మెట్ట 10 ఎకరాల లోపు, లేదా రెండూ కలిపి 10 ఎకరాల లోపు
* విద్యుత్తు వాడకము నెలకు 300 యూనిట్ల లోపు
* నాలుగు చక్రముల సొంత వాహనము ఉండరాదు (టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు)
* కుటుంబములో ప్రభుత్వ ఉద్యోగి, ప్రభుత్వ పింఛనుదారు, ఆదాయపు పన్ను చెల్లించువారు ఉండరాదు
* పట్టణములలో ఇంటి నిర్మాణ వైశాల్యము 1,000 చదరపు అడుగుల లోపు

సాధారణముగా కుటుంబమునకు ఒక పింఛను మాత్రమే ఇస్తారు. దివ్యాంగులు, తీవ్ర వ్యాధిగ్రస్తుల విషయములో మినహాయింపులు ఉన్నాయి. చేనేత, కల్లుగీత, మత్స్యకార వృత్తుల వారికి అర్హత వయస్సు 50 సంవత్సరములు.

ఈ షరతులు రెండు రకములు. ఎకరములు, యూనిట్లు, చదరపు అడుగులు అనేవి వస్తు కొలతలు. ధరలు ఎంత పెరిగినా మూడెకరాలు మూడెకరాలే. ఆదాయ పరిమితి మాత్రము రూపాయల కొలత. ప్రభుత్వము సవరించనంత కాలము ధరలతో పాటు దాని నిజ విలువ కరిగిపోతుంది. ఆదాయపు పన్ను షరతు ఈ రెంటికీ మధ్యస్థము. కేంద్ర బడ్జెటులో పన్ను పరిమితి మారినపుడల్లా అది తనంతట తానే మారుతుంది.

మాకవరపాలెం వంటి మండలములలో

మాకవరపాలెం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని ఒక మండలము. అంతకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నర్సీపట్నం రెవెన్యూ డివిజనుకు చెందిన ఈ గ్రామీణ ప్రాంతములో వ్యవసాయము, వ్యవసాయ కూలి ప్రధాన జీవనాధారములు. కనుక ఇక్కడి వారికి 10,000 రూపాయల గ్రామీణ ఆదాయ పరిమితి వర్తిస్తుంది.

కూలి పనికి జీతపు చీటీ ఉండదు. నాట్లు, కోతల రోజులలో వచ్చే ఆదాయము వేసవిలో ఉండదు. ఇటువంటి కుటుంబము నెలసరి ఆదాయమును ఖచ్చితముగా లెక్కించుట కష్టము. అందువలన అధికారులు భూమి రికార్డులు, కరెంటు మీటరు, వాహన రిజిస్ట్రేషను, ఖజానా జీతముల జాబితా వంటి వాటిపై ఎక్కువగా ఆధారపడతారు. ఇవి తనిఖీకి సులువైనవే కాని కొన్ని చిక్కులు తెస్తాయి. అన్నదమ్ములు వేరుపడినా భూమి ఒకరి పేరునే ఉండవచ్చును. రెండు మూడు వంటలున్న ఇంటికి ఒకే మీటరు ఉండవచ్చును. కొడుకు ప్రభుత్వ ఉద్యోగియై వేరే ఊరిలో ఉన్నా, కార్డులో పేరు తొలగించనిచో ఊరిలోని తల్లికి పింఛను ఆగిపోయే అవకాశమున్నది. అదే విధముగా రికార్డులో మాగాణిగా నమోదైన భూమికి నీరు అందకపోయినా మాగాణి పరిమితియే వర్తిస్తుంది.

ద్రవ్యోల్బణ ప్రభావము

పింఛను మొత్తముపై: ఆంధ్ర ప్రదేశ్ లో 2006-2014 మధ్య 200 రూపాయల పింఛను మారలేదు. ఆ కాలములో వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచీ దాదాపు రెట్టింపైనది. అనగా కాగితము మీద 200 రూపాయలున్నా, సంచిలోకి వచ్చే సరుకు సగమునకు పడిపోయినది. కేంద్ర వాటా పరిస్థితి ఇంకను తీవ్రము. ధరలు ఏటా 6 శాతము పెరిగినవనుకొంటే, 2006 నాటి 200 రూపాయల విలువ నిలుపుకొనుటకు 2024లో సుమారు 571 రూపాయలు కావలెను.

రాష్ట్ర పింఛను 2014 నుండి ధరలను మించి పెరిగిన మాట వాస్తవము. 200 నుండి 4,000 అనగా 20 రెట్లు. ఇంత పెరుగుదల ధరలలో లేదు. అయితే ఈ పెంపు సూత్రబద్ధమైనది కాదు, ప్రభుత్వ నిర్ణయములను బట్టి మెట్లు మెట్లుగా జరిగినది. రెండు మెట్ల మధ్య కాలములో విలువ తరుగుతూనే ఉంటుంది. ఏటా 6 శాతము ద్రవ్యోల్బణము ఉంటే 2024 నాటి 4,000 రూపాయలు 5 ఏళ్ళ తరువాత అప్పటి 2,989 రూపాయలతో సమానము. అనగా పెంపుకు ముందున్న 3,000 రూపాయల స్థాయికే తిరిగి చేరినట్లు.

ఆదాయ పరిమితిపై: ఒక కుటుంబము నెలకు 8,000 రూపాయలు సంపాదిస్తున్నదనుకొందాము. 10,000 పరిమితికి అది లోబడి ఉన్నది. ధరలు, కూలి రెండూ ఏటా 5 శాతము చొప్పున పెరిగితే, 5 ఏళ్ళకు ఆ ఆదాయము 10,210 రూపాయలవుతుంది. కుటుంబము కొనగలిగే బియ్యము, పప్పు, మందులు ఒక్క గింజ కూడా పెరగలేదు. అయినా నియమము ప్రకారము అది పేద కుటుంబము కాదు. పరిమితిని ధరలతో పాటు సవరించనిచో, కొత్త ఉత్తర్వు ఏదీ లేకుండానే అర్హుల సంఖ్య తగ్గుతుంది.

అంచు సమస్య: పరిమితి దగ్గర మరొక ఇబ్బంది ఉన్నది. 9,900 రూపాయల ఆదాయము గల కుటుంబమునకు 4,000 పింఛను కలిసి 13,900 అవుతుంది. 10,100 రూపాయలు గల కుటుంబమునకు ఏమీ రాదు. 200 రూపాయల తేడా వలన 4,000 రూపాయలు పోతాయి. ఆస్ట్రేలియాలో ఈ సమస్య రాకుండా, పరిమితికి మించిన ప్రతి డాలరు ఆదాయమునకు పింఛనులో 50 సెంట్లు మాత్రమే తగ్గిస్తారు. కాని ఈ పద్ధతికి ఆదాయపు లెక్క ఖచ్చితముగా ఉండవలెను. కూలి కుటుంబముల విషయములో అది సులభము కాదు.

ఇతర పింఛన్లతో పోలిక

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ఆధారముగా జనవరి, జూలై నెలల నుండి వర్తించేటట్లు కరువు సహాయము సవరిస్తారు. 2025 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కేంద్ర ఏకీకృత పింఛను పథకములోనూ ఈ రక్షణ ఉన్నది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ పింఛను పథకములో 2014 సెప్టెంబరులో కనీస పింఛనును 1,000 రూపాయలుగా నిర్ణయించారు, దానికి ధరల సూచీతో ముడి లేదు. 2015లో వచ్చిన అటల్ పింఛను యోజన హామీ ఇచ్చే 1,000 నుండి 5,000 రూపాయలు కూడా స్థిరమైన అంకెలే. అమెరికాలో 1972 చట్టము ద్వారా 1975 నుండి సోషల్ సెక్యూరిటీ చెల్లింపులు ధరలను బట్టి తమంతట తామే పెరుగుతున్నాయి.

ఈ పోలిక వలన తెలిసేదేమనగా, సంఘటితముగా ఉద్యోగము చేసినవారి పింఛనుకు ధరల రక్షణ కొంతవరకు నియమములలోనే ఉన్నది. పొలములో కూలి చేసి వృద్ధులైనవారి పింఛనుకు ఆ రక్షణ బడ్జెటు నిర్ణయముపైన, ఎన్నికల వాగ్దానముపైన ఆధారపడి ఉన్నది.

వాదములు

అర్హత పరీక్షను సమర్థించేవారు పరిమితమైన నిధులు నిజమైన పేదలకే చేరవలెనని, అందరికీ ఇస్తే ఒక్కొక్కరికి వచ్చే మొత్తము తగ్గుతుందని అంటారు. వ్యతిరేకించేవారు తనిఖీలో అర్హులే ఎక్కువగా జారిపోతారని, వయస్సు ఒక్కటే ప్రమాణముగా ఉండుట మేలని అంటారు. నేపాల్ 1990లలో ప్రారంభించిన వృద్ధాప్య భత్యము ఆదాయ పరీక్ష లేని పథకమునకు ఒక ఉదాహరణ. ఏ పద్ధతి ఎంచుకొన్నా, పింఛను మొత్తమును, ఆదాయ పరిమితిని రెంటినీ ధరల సూచీతో ముడిపెట్టవలసిన అవసరము తొలగిపోదు. ఒకటి పెంచి రెండవది వదిలివేసినచో, పింఛను పెద్దదవుతుంది కాని దానిని అందుకొనే వారు తగ్గుతారు.