మాట వెనుక కథ: జార్ఖండ్

హిందీలో ‘ఝాడ్’ అంటే పొద, చెట్టూచేమా. ‘ఖండ్’ తెలుగువాళ్ల ఖండమే. ఆసియా అంత విస్తీర్ణానికి వాడే ఆ మాటకు ఇక్కడ నేల, సీమ అన్నంతే అర్థం. రెండూ కలిస్తే అడవిసీమ.

మొగలుల నాటి పారశీక రచనల్లోనే ఈ పేరుంది. బ్రిటిషువారి కాలంలో ఛోటానాగపూర్ అన్న పేరు దాన్ని వెనక్కి నెట్టింది. రాంచీ బ్రిటిషు అధికారుల కేంద్రమై, తర్వాత బిహార్‌కు వేసవి రాజధాని అయింది. పాత మాటను మళ్లీ రాజకీయాల్లోకి తెచ్చినది హాకీ వీరుడు జైపాల్ సింగ్ ముండా నడిపిన జార్ఖండ్ పార్టీ. 1952 ఎన్నికల తర్వాత బిహార్ శాసనసభలో అదే ప్రధాన ప్రతిపక్షం.

1990ల్లో భారతీయ జనతా పార్టీ ‘వనాంచల్’ అంది. అదీ అడవిసీమే, కాకపోతే సంస్కృతపు ముస్తాబుతో. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమకారులకు అది రుచించలేదు. చివరికి 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి నాడు, రాంచీ రాజధానిగా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత పేరే గెలిచింది.

తెలుగు అచ్చులో జార్ఖండ్, ఝార్ఖండ్ రెండూ కనిపిస్తాయి. మూలానికి దగ్గరిది రెండోది.