ముఖ్తార్‌నామా – నోటరీ ముద్ర

మన పెద్దలు దీనిని ముఖ్తార్‌నామా అనేవారు. నైజాం కాలపు ఉర్దూ కచేరీల మాట అది. ఇప్పుడు అమీర్‌పేట, పంజాగుట్టల్లో డాక్యుమెంట్లు టైపు చేసేవారి దగ్గర జి.పి.ఏ. అంటేనే అర్థమవుతుంది.

పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం 1882 నాటిది. అప్పట్లో బ్రిటిషు ఇండియాలో నోటరీలను ఇంగ్లండులోని ‘మాస్టర్ ఆఫ్ ఫాకల్టీస్’ అనే అధికారి నియమించేవాడు. ఇక్కడి సంతకానికి సీమ నుంచి పెత్తనమన్నమాట! మన పార్లమెంటు 1952లో చేసిన నోటరీల చట్టం 1956 ఫిబ్రవరి 14న అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించినది అదే ఏడు నవంబరులో.

ముద్రకు బలమిచ్చినది మాత్రం 1872 నాటి సాక్ష్య చట్టం, 85వ సెక్షను. నోటరీ ఎదుట సంతకమై, ఆయన ధృవీకరించిన పవర్‌ను కోర్టు సరైనదిగానే భావిస్తుంది. 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చినా ఈ నియమం కొనసాగుతున్నది. కనుక ఇంట్లోనే సంతకం చేసి మనవడి చేత కాగితం పంపరాదు. అసలు గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్లి, ఆయన రిజిస్టరులోనూ సంతకం చేయవలెను.

అయితే ఈ ముద్ర అన్నిచోట్లా చెల్లదు. మనం వ్రాసి ఇచ్చిన దస్తావేజును మన బదులు వేరొకరు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షను ప్రకారం, ఇక్కడ నివసించేవారు ఆ పవర్‌ను సబ్‌రిజిస్ట్రారు ఎదుటే వ్రాసి ఇవ్వాలి. నోటరీ లేక మన కాన్సులేటు ధృవీకరణ సరిపోయేది విదేశాల్లో ఉన్నవారికే.

ఈ మినహాయింపు మన పేటకు బాగా పనికివచ్చింది. 1990లలో మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సులు నేర్చి అమెరికా వెళ్లిన పిల్లలు, ఇక్కడి ఫ్లాటు పనులకు తల్లిదండ్రుల పేర పవర్లు పంపసాగారు. 2005 జూలై 14 నుంచి మన దేశంలో అపోస్టిల్ పద్ధతి కూడా అమలయింది. కాగితం ఇక్కడికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టడం మరువరాదు.

ఇక జి.పి.ఏ. మీదనే ప్లాట్లు కొన్న మిత్రుల సంగతి. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, జి.పి.ఏ.తో హక్కు బదిలీ కాదని తేల్చింది. పైగా వ్రాసి ఇచ్చినవారు మరణిస్తే సాధారణంగా ఆ అధికారమూ పోతుంది. ఇంకా సేల్ డీడ్ చేయించుకోనివారు, అమ్మినవారు జీవించి ఉండగానే వెళ్లి అడగడం మంచిది.