త్యాగం అంటే ఇచ్చేదే, లాక్కునేది కాదు



ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి దాటితే చుట్టూ వరి చేలే. ఆ చేలకు నీళ్ళు ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా కాలవల్లో వస్తాయి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలుపెట్టి 1852లో ఆనకట్ట పూర్తి చేశారు. ఆ గోదావరి మన కొండల మధ్య నుంచే కిందికి దిగుతుంది. అందుకే ఎగువన జరిగిన ఒక కథ, దాంతో పాటు ఒక ప్రశ్న ఇక్కడ పెడుతున్నాం.

ధవళేశ్వరం తర్వాత, మధ్య భారతం పత్తిని పడవల మీద సముద్రానికి దించాలని భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర పనులు మొదలయ్యాయి. అక్కడి ఇంజనీరు హేగ్ దొర భక్తిపరుడు. ఆయన కింద వెంకటరామరాజు అనే క్షత్రియుడు నౌకరీ చేసేవారు. 1860 ప్రాంతంలో ఆయన క్రీస్తును నమ్ముకున్నారు. ఆ రోజుల్లో కులం వదిలి బాప్తిస్మం తీసుకోవడం చిన్న మాట కాదు. ఆయన సర్కారు కొలువు కూడా వదిలేసి, కోయగూడేల్లో సువార్త చెప్పడానికి పూనుకున్నారు. తర్వాత పాదిరి అయ్యారు. పడవల పథకం 1870ల మొదట్లోనే ఆగిపోయింది గానీ దుమ్ముగూడెం మిషన్ నిలబడింది. లూకా సువార్త ఆ శతాబ్దంలోనే కోయ భాషలోకి వచ్చింది.

మనలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, భూమి పండగ చేసేవాళ్ళూ ఉన్నారు. "ఆయన మన దేవతల్ని మార్చడానికే వచ్చాడు కదా" అని కొందరంటారు. అది తప్పకుండా మాట్లాడుకోవాల్సిందే. కానీ ఒక్కటి మాత్రం స్పష్టం. రాజుగారు వదులుకున్నది తన కొలువు, తన హోదా. పక్కవాడి భూమి కాదు. క్రైస్తవంలో సమర్పణ అంటే మూలం అదే. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని యేసు చెప్పినట్టు యోహాను రాశాడు.

ఇప్పుడు ప్రశ్న. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాలి. అందులో సగం దాకా మన కోయలు, కొండరెడ్లే. 2014లో ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రాలో కలిపేశారు. సభల్లో మాత్రం "నిర్వాసితుల త్యాగం మరువలేనిది" అంటారు. అది త్యాగమా?

బైబిల్లోనే నాబోతు కథ ఉంది. అతని ద్రాక్షతోట మీద అహాబు రాజుకు కన్నుపడింది. ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే సొమ్మిస్తానన్నాడు. మన భాషలో చెప్పాలంటే ప్యాకేజీ. పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు నాబోతు. అబద్ధపు సాక్ష్యం పెట్టించి అతన్ని చంపించారు. దేవుడు ఏలీయాను పంపి నిలదీసింది నాబోతును కాదు, రాజును. "దేవుడి కోసం తోట ఇచ్చేయొచ్చుగా" అని నాబోతును ఎవరూ తప్పుపట్టలేదు.

డెల్టా రైతు మీద మాకు కోపం లేదు. ద్రాక్షారామం చేలు పచ్చగానే ఉండాలి. అయితే దేవునికి లోబడటం వేరు, అన్యాయానికి తలొంచడం వేరు. ఆదివారం ప్రసంగంలో త్యాగం మాట వచ్చినా, మంత్రి ఉపన్యాసంలో వచ్చినా ఒక్కటే అడుగుదాం: ఇచ్చిందెవరు? ఇష్టపడి ఇచ్చారా? గ్రామసభలో అడిగారా? 1996 నాటి పెసా చట్టం మనకిచ్చిన హక్కు అది.

మీ గూడెంలో పెద్దలకు దుమ్ముగూడెం మిషన్ సంగతులు ఏమైనా గుర్తుంటే అడిగి రాయండి. మన చరిత్ర మనమే రాసుకుందాం.