గవర్నరు గోర్డను దొరయు మన గిరిమిట్టును

"లియోనిడాస్" ఓడ పేరు వినని కుటుంబము మన ఫిజీ ద్వీపములలో నుండదు. 1879 మే 14వ తేదీన ఆ ఓడ కలకత్తానుండి తొలి గిరిమిట్టు కూలీలను తెచ్చెను. అయితే వారిని రప్పించిన దొర యెవరని పిల్లలడిగినచో చెప్పగలవారు కొలది మందియే.

ఆయన సర్ ఆర్థర్ హామిల్టన్ గోర్డను. ఇంగ్లండు ప్రధానమంత్రిగా నుండిన ఎబర్డీన్ ప్రభువునకు కడపటి కుమారుడు, 1829లో జన్మించెను. ట్రినిడాడును పాలించుచు 1869లో, గడువు తీరిన భారతీయ కూలీ తిరుగు ప్రయాణపు హక్కును వదలుకొన్నచో అందుకు మారుగా భూమి పొందునట్లు ఏర్పాటు గావించెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1871లో ఆయన మారిషస్ చేరెను. అక్కడి చెరకు తోటలలో మన తెలుగువారు అప్పటికే యుండిరి. కోరంగి రేవున ఓడ యెక్కినవారగుటచే వారికి కోరంగీలని పేరు వచ్చెను. గడువు ముగిసిన కూలీ సైతము తన ఛాయాపటము గల చీటీ లేక బయలుదేరినచో పోలీసులు పట్టుకొనుచుండిరి. ఆ యేడు ఆడల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపావాసి, 9,401 మంది కూలీల అర్జీని గవర్నరునకు సమర్పించెను. అతనిని దేశమునుండి వెడలగొట్టుడని తోటదొరలు పట్టుబట్టిరి. గోర్డను అంగీకరింపలేదు. 1872లో రాజవిచారణ సంఘము వచ్చెను. 1875లో దాని నివేదిక కూలీల బాధలను లోకమునకు వెల్లడించెను.

ఆ 1875లోనే గోర్డను ఫిజీ గవర్నరుగా వచ్చెను. ఆ యేటి తట్టువ్యాధికి సుమారు 40,000 మంది స్థానికులు బలియైరి. మిగిలినవారిని తోటపనికి ఈడ్చినచో ఆ జాతియే నశించునని ఆయన భయము. అది వట్టి భయము కాదు. వారి భూమి అమ్మకమును నిషేధించెను, పన్నును పంటరూపమున గైకొనెను, నాయకుల సభను నెలకొల్పెను. కాని తోటలు నడువక ఖజానా నిండదు. కాబట్టి కూలీలకై భారతదేశమువైపు చూచెను. మారిషస్ అర్జీని స్వయముగా చదివిన చేతులే ఈ పని చేసెను! ఇది మనకు మింగుడుపడని మాట. ఆయన క్రూరుడని నేననను. ఒక జాతిని కాచుటకై వేరొక జాతి వీపున బరువు మోపెనని మాత్రము చెప్పక తప్పదు.

1903నుండి మదరాసు ఓడలలో మన తెలుగువారును ఇచటికి వచ్చిరి. 1916 వరకు వచ్చిన భారతీయులు 60,000 పైచిలుకు. ట్రినిడాడున వలె తిరుగు ప్రయాణమునకు మారుగా భూమి ఇచ్చు ఏర్పాటు ఇచట లేదు; దున్నిన పొలము చాలవరకు కౌలు పొలమే. 1905లో అప్పటి గవర్నరు స్థానిక భూముల అమ్మకమునకు త్రోవ తీయగా, స్టాన్‌మోర్ ప్రభువైయుండిన వృద్ధ గోర్డను ప్రభువుల సభలో ఎదిరించెను. కొలది కాలములోనే ఆ త్రోవ మూతబడెను. 1912లో ఆయన మరణించెను.

1976 చట్టము ముప్పదేండ్ల కౌలు నిచ్చెను. 1997నుండి పాత కౌళ్లు వరుసగా తీరుచు వచ్చినప్పుడు, తాతలు నరికి చదును చేసిన చెరకు పొలమును విడిచి, కొందరు ఇంటి కొయ్యలను, రేకులను విప్పుకొని పట్టణముల దారి పట్టిరి.